మా నాయన పెట్టీ కేసు

డెబ్భైల చివర్లో చిత్తూరులో ఒక ప్లీడరుగారి ఆఫీసులో టైపిస్టుగా చేరాను. టైపింగు హయ్యరు పాసయ్యాను కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు నా వేళ్లకు బాగా తెలుసు. అర్థాలు మాత్రం బుర్రకు అంతంత మాత్రం.

ఆ ఆఫీసులో నేను మిగతా మాటలన్నిటికంటే ఎక్కువగా కొట్టిన మాట 'పెట్టీ కేసు'. లైటు లేకుండా సైకిలు తొక్కినవాడు, బర్రెను తెచ్చి రోడ్డు పక్క కరెంటు స్తంభానికి కట్టేసినవాడు, మామిడికాయల మండీ ముందు ఎద్దులబండి అడ్డంగా నిలబెట్టి కాఫీకి పోయినవాడు, ఇలాంటివాళ్లు పొద్దున్నే వచ్చి మా బెంచీ మీద వరసగా కూర్చునేవారు. ముఖాలు చూస్తే ఉరిశిక్ష పడినట్టుండేవి. ప్లీడరుగారు కళ్లజోడు నొసటి మీదికి తోసుకుని, "పెట్టీ కేసేనయ్యా, ఒప్పేసుకో, మధ్యాహ్నానికి ఇంట్లో అన్నం తింటావు" అనేవారు. ఏడాది తిరిగేసరికి ఆ మాట ఆయన నోరు తెరవకముందే నేను అనడం మొదలుపెట్టాను. ఆయన నవ్వుకుని ఊరుకునేవారు.

వారమంతా చిత్తూరులో పిన్నమ్మ ఇంట్లో ఉండి, శనివారం సాయంత్రం నగరి వైపు బస్సెక్కి మా ఊరు వెళ్లేదాన్ని. బస్సులో ఎవరైనా "కోర్టులో పని చేస్తా ఉండావంట కదమ్మే" అంటే, కాదు, ప్లీడరు దగ్గర అని దిద్దేదాన్ని కాదు. ఊరికే వచ్చే మర్యాదను ఎవరు కాలదన్నుకుంటారు? పైగా నా చేతిసంచీలో ఎప్పుడూ రెండు కార్బన్ కాగితాలు పైకి కనపడేటట్టు పెట్టుకునేదాన్ని. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. ఆ వయసులో అంత ఎచ్చులు లేకపోతే ఎలా?

అలా ఒక శనివారం ఇంటికి వెళ్లేసరికి నాయన మగ్గం గుంటలో లేడు. వెలుతురు ఉండగా ఆయన మగ్గం దిగడం నేను ఎప్పుడూ చూడలేదు. వంటింటి గడప దగ్గర కూర్చుని గోడ వైపు చూస్తున్నాడు. ఒంట్లో బాగలేదా నాయనా అంటే "బాగానే ఉండాది" అన్నాడు. అమ్మ నన్ను కళ్లతోనే లోపలికి పిలిచి, బియ్యం డబ్బా వెనక నుంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసి నా చేతిలో పెట్టింది.

"ఇంగ్లీషులో ఉండాది. మీ నాయన్ని పట్టకపోతారా?" అంది. 

అది కోర్టు సమన్లు. ఫలానా తేదీన, ఫలానా వీధిలో, జనం నడిచే దారికి అడ్డం కల్పించినందుకు పదహారు రోజుల్లో తాలూకా కోర్టుకు రావాలని ఉంది. చదివి పకపకా నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

"పెట్టీ కేసు నాయనా! దీనికా ఇంత దిగులు? ఒప్పేసుకుంటే సరి. మధ్యాహ్నానికి ఇంట్లో అన్నం తింటావు."

నాయన మమ్మల్ని కొట్టి ఎరగడు. కానీ అప్పుడు నా వైపు తిరిగి చూసిన చూపు చెంప మీద పడినట్టే పడింది. "ఏమని ఒప్పుకోమంటావు?" అన్నాడు.

ఆయన మాట అర్థం కావాలంటే మా వీధి సంగతి కొంచెం చెప్పాలి. ముప్పై ఇళ్లు, ఇంటికో మగ్గం. చీరలో నిలువుగా ఉండే పోగుల్ని పడుగు అంటారు. వాటిని మగ్గానికి ఎక్కించే ముందు వీధి పొడుగునా చాపి, కర్రల మీద నిలబెట్టి, గంజి పెట్టి, కుంచెలతో దువ్వి ఆరబెట్టాలి. ఎండ ముదిరితే పోగు పెళుసెక్కుతుంది కనక తెల్లవారుతూనే మొదలుపెట్టి పొద్దు బారెడెక్కేలోపల ముగించాలి. ఒక ఇంటివాళ్ల వల్ల అయ్యే పని కాదు. ఎవరి పడుగైనా సరే, వీధిలో ఉన్న చేతులన్నీ రావాలి. పిలవనక్కర లేదు. కుంచె పట్టుకుని వచ్చేస్తారు.

దీనికో కట్టుబాటు ఉంది. పడుగు మొదటి కర్రను దాని సొంతదారు పట్టుకోకూడదు, ఇంకో ఇంటి మనిషి పట్టుకోవాలి. వీధిలో ఉన్నంతసేపూ ఆ పడుగు కర్ర పట్టుకున్నవాళ్లదే. దారిన పోయేవాళ్లు ఎవరిదని అడిగితే సొంతదారు పేరు ఎత్తకూడదు. ఎత్తితే దిష్టి తగిలి పోగులు తెగిపోతాయని నమ్మకం. కర్ర పట్టుకున్నవాళ్లు "నాది" అని చెప్పాలి. బయటివాళ్లకు ఇది వింతగా ఉంటుందేమో గానీ మాకు మాత్రం ఎక్కాలు నేర్చుకోకముందే వచ్చిన పాఠం.

ఆ రోజు వీధిలో ఉన్న పడుగు మా ఎదురింటి పెద్దమ్మది. సొంత పెద్దమ్మ కాదు, వరసకు. నాలుగేళ్ల కిందట ఆమె మొగుడు పోయాడు. పోయిన పదిహేనో రోజునే ఆమె మగ్గం గుంటలోకి దిగి, ఆయన సగంలో వదిలేసిన చీరను పూర్తి చేసింది. ఆమె పడుగుకు ఎప్పుడూ మా నాయనే మొదటి కర్ర పట్టేవాడు. ఆ వారం ఎవరో పెద్ద అధికారి మా వైపు వస్తున్నాడని, దారులన్నీ ఖాళీగా ఉంచమని పైనుంచి మాట వచ్చిందట. పోలీసు సైకిలు దిగి, "ఎవురిదిది?" అన్నాడు. నాయన తల కూడా ఎత్తకుండా "నాది" అన్నాడు. ఆ పోలీసు చెడ్డవాడేం కాదు. నాయన పేరు, తాత పేరు పుస్తకంలో రాసుకుని, ఒక్క పోగు కూడా తెగకుండా సైకిలు భుజాన ఎత్తుకుని పక్క సందులోంచి వెళ్లిపోయాడు.

సంగతి అంతటితో అయిపోయుంటే నేను నవ్వడంలో తప్పు లేదు. కానీ అది నాయన ముప్పై ఏళ్లుగా ఎదురు చూసిన ఏడాది.

మా వీధివాళ్లు ఏటా ఆషాఢం రోజుల్లో వచ్చే ఆడి నెలలో ఊరి అమ్మవారికి చీర నేసి పెడతారు. ఏడాదికొక ఇంటి వంతు. ముప్పై ఇళ్లూ తిరిగి రావాలంటే మనిషి బతుకులో ఒకసారి వస్తుంది, అదృష్టవంతుడైతే రెండుసార్లు. పోయినసారి మా ఇంటికి వంతు వచ్చినప్పుడు మా తాత తల్లి చనిపోయి ఇంట్లో అంటు వచ్చింది. వంతు పక్కింటికి పోయింది. తాత ఆ చీర నేయకుండానే కన్ను మూశాడు. ఈ ఏడు నాయన వంతు. కుంకుమ రంగు అద్దించిన నూలును ఆరు నెలల ముందే చెక్కపెట్టెలో తెల్లగుడ్డ కప్పి పెట్టుకున్నాడు. ఆ పెట్టె మీద అమ్మ చెంబు కూడా పెట్టనిచ్చేది కాదు.

కట్టుబాట్లు మా వాళ్లకు కరువా? అమ్మవారి చీరకూ ఒకటి ఉంది. నలుగురి ముందు నిలబడి తప్పు ఒప్పుకున్నవాడు ఆ ఏడు ఆ చీరను ముట్టకూడదు. వాడి వంతు పక్కింటికి పోతుంది. మళ్లీ చుట్టు తిరిగి రావాలి. నాయనకు అప్పటికి యాభై నాలుగు.

ఇదంతా నాకు తెలియనిది కాదు. కాగితం చదివిన టైపిస్టుకు తెలియలేదు, ఆ ఇంటి బిడ్డకు తెలుసు. ఆలస్యంగా గుర్తొచ్చింది. గుర్తొచ్చాక ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేదు.

"అది వీధి తప్పు, ఇది సర్కారు కేసు. రెండూ ఒకటేనా?" అన్నాను.

"కోర్టులో గూడా నలుగురి ముందరే గదా పాపా ఒప్పుకునేది. ఆడ ఇంకా నలభై మంది ఉంటారు."

"అయితే పెద్దమ్మదని చెప్పు."

"మగదిక్కు లేని ఇంటికి కోర్టు కాగితం పంపమంటావా? గమ్మునుండు."

"పోనీ, నేను అడ్డం పెట్టలేదని చెప్పు."

"పెట్టినాను గదా," అన్నాడు, అంత తెలివితక్కువ మాట కోర్టు ఉద్యోగం చేసే కూతురు నోట ఎలా వచ్చిందన్నట్టు.

తర్వాత ఆయనే అడిగాడు. "పెట్టీ అంటే ఏంది?"

"చిన్నది."

"చిన్నదంటే? ఎంత చిన్నది?"

ఏడాదిగా వందసార్లు కొట్టిన మాట. అచ్చుతప్పు లేకుండా కొట్టిన మాట. దాని కొలత నాకు తెలియదు. ఆ రాత్రి నాయన అన్నం సగంలోనే చెయ్యి కడుక్కున్నాడు.

సోమవారం పొద్దున ప్లీడరుగారు కుర్చీలో కూర్చోకముందే వెళ్లి ఎదురుగా నిలబడ్డాను. "సార్, పెట్టీ అంటే ఎంత చిన్నది?" అన్నాను. ఆయన నన్ను ఎగాదిగా చూశారు. ఏదో పెద్ద తప్పు టైపు చేసి దాచుకున్నాననుకున్నారేమో. సంగతంతా చెప్పాక కళ్లజోడు నొసటి మీదికి తోసుకుని, బీరువాలోంచి లావుపాటి పుస్తకం ఒకటి తీశారు.

"చూడమ్మాయ్, ఇందులో జైలు లేదు. ఉత్త జరిమానా. చట్టానికే దీన్ని చూస్తే ఎంత చులకనంటే, నువ్వు ఇంత దూరం రానక్కర లేదు, ప్లీడరు అక్కర లేదు, ఒప్పుకుంటున్నానని రాసి పోస్టులో పంపినా చాలు అంటుంది. ఏ కోర్టయినా పెద్ద నేరస్తుడితో ఇంటి దగ్గరే ఉండి ఉత్తరం రాయి నాయనా అంటుందా?"

నాకు ప్రాణం లేచొచ్చింది. ఆయన పుస్తకం మూసి, నేను ఈనాటికీ మరిచిపోని మాట ఒకటి చెప్పారు. "దొంగతనంలాంటి వాటిలో కోర్టు మనిషి మనసులోకి చూస్తుంది. ఏ ఉద్దేశంతో చేశాడు, చెడ్డ తలపు ఉందా లేదా అని. ఇందులో మనసు జోలికి పోదు. దారి వైపు చూస్తుంది. దారి మూసుకుపోయిందా లేదా, అంతే."

మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక నాయన తరఫున ఉత్తరం టైపు చేశాను. అంత శుభ్రంగా నేను ఏ కాగితమూ కొట్టలేదు. మార్జిన్లు గీత గీసినట్టున్నాయి. కింద ఆయన సంతకానికి చుక్కల గీత. శనివారం దాన్ని నలగకుండా అట్టల మధ్య పెట్టుకుని ఊరికి తీసుకెళ్లాను. కోర్టుకు పోనక్కర లేదు, నలుగురి ముందు నిలబడనక్కర లేదు, ఇంక ఏమంటాడు?

నాయన కాగితాన్ని చాలాసేపు చూశాడు. ఇంగ్లీషు రాకపోయినా అక్షరాల వరసను పోగుల్లాగా పరీక్షగా చూశాడు. "బాగా కొట్టినావు" అన్నాడు. తర్వాత మడతపెట్టి నాకే ఇచ్చేశాడు.

"నలుగురికీ కనపడకుండా ఒప్పుకోమంటావు. అది ఇంకా అన్నాయం పాపా. రేపు వీధి కూటంలో అడుగుతారు. అడిగితే ఉన్నది చెప్తాను. వాళ్లెట్లంటే అట్ల."

కోపంతో ఒళ్లు మండింది. ఆయన మీదా, ఆ పోలీసు మీదా, ఆ అధికారి జీపు మీదా. తీరా ఆ జీపు మా వైపు రానే లేదట. మెయిన్ రోడ్డు మీదుగానే తిరుపతి వెళ్లిపోయిందట.

ఆదివారం సాయంత్రం అమ్మవారి గుడి ముందు అరుగు మీద వీధి కూర్చుంది. చీర వంతు ఎవరిదో ఖాయం చేసి ఆ ఇంటికి తాంబూలం ఇచ్చే రోజు అది. మధ్యలో వీధి పెద్ద, నేను తాతా అని పిలిచే ముసలాయన. నాయన ఆయన ముందు పంచె సర్దుకుని నిలబడ్డాడు. ఆడవాళ్లం వెనకగా గోడవార కూర్చున్నాం. ఆడవాళ్లు అక్కడ మాట్లాడరు. మాట్లాడకూడదని ఎవరూ అనలేదు, మాట్లాడినవాళ్లు లేరు అంతే.

తాంబూలం పళ్లెం ఎత్తకముందే మా పక్కింటి చిన్నాయన గొంతు సవరించుకున్నాడు. నాయన వంతు పోతే అది ఆయనకే వస్తుంది. "నాకేం ఆశ లేదు మామా. కానీ అన్న మింద కేసుండాది. కోర్టులో తప్పు ఒప్పుకోవాల్సిన మడిసి అమ్మోరి చీర ఎట్ల ముడతాడు?" అన్నాడు. ఆశ లేని మనిషి అంత ముందుగా గొంతు సవరించుకోవడం నేను ఎక్కడా చూడలేదు.

తాత నాయన వైపు చూశాడు. "పడుగు దావకు అడ్డంగా ఉండింది నిజమేనా అబ్బా?"

"నిజమే మామా."

"నీదేనా?"

"నాదే."

తాత తల దించుకున్నాడు. ఆయనకు నాయన అంటే ఇష్టం. కానీ కట్టుబాటు కట్టుబాటే. పళ్లెం మీద చెయ్యి వేశాడు గానీ ఎటు తిప్పాలో తెలియక అలాగే ఉంచాడు. పక్కన అమ్మ చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంట్లో చెక్కపెట్టెలో ఉన్న ఎర్ర నూలు నా కళ్ల ముందు మెదిలింది.

అప్పుడు గోడ దగ్గర పెద్దమ్మ లేచి నిలబడింది. కొంగు భుజం చుట్టూ లాక్కుని, ఎవరి ముఖమూ చూడకుండా, "ఆ పడుగు నాది. దిష్టి తగిలితే నాకే తగలనీ. ఆ తప్పేదో నా మింద రాసుకోండి" అంది.

కూటంలో ఒక్కసారిగా గోల మొదలైంది. మొగుడు పోయిన నాటి నుంచి ఆమె ఇల్లు వంతులోనే లేదు. మగమనిషి లేని ఇల్లని దాన్ని వదిలేసి లెక్కపెట్టేవారు. వంతే లేని ఇంటి ఆడమనిషి వచ్చి వంతు సంగతి మాట్లాడుతుందా అని కొందరు. నాయన వెనక్కి తిరిగి, "వదినా, నువ్వు కూసో. కర్ర పట్టుకున్నోడిదే పడుగు. దాంట్లో మార్పు లేదు" అన్నాడు. ఆమె కూర్చోలేదు.

ఇక నేను కూడా ఊరుకోలేకపోయాను. లేచి నిలబడి, "చిన్నాయనా, ఆ పొద్దున నువ్వు యాడుండావు?" అన్నాను. నా గొంతు నాకే పెద్దగా వినిపించింది.

"నేనా? ఆడనే ఉండాను."

"చేతిలో ఏముండింది?"

అది ఆయన చెప్పాల్సిన పని లేదు. ఆ పొద్దున ఆయన చేతిలో కుంచె ఉంది. ఎడమ వైపు మూడో మనిషి ఆయనేనని అమ్మ ముందే చెప్పింది. వీధి పొడుగు పడుగును ఒక్క మనిషి అడ్డం పెట్టలేడని పసిపిల్లలకు కూడా తెలుసు. కర్రలు పాతింది ఒకరు, గంజి కలిపింది ఒకరు, దువ్వింది పదిమంది. "మా నాయన తప్పయితే కుంచె పట్టినోళ్లందరి తప్పూ అయితాది" అన్నాను.

తాతకు ఆ లెక్క తగిలింది. చిన్నాయన వంతు కూడా పోయింది కాబట్టి, తాత ఆ తర్వాతి ఇంటాయన వైపు చూశాడు. ఆ ఇంటాయన గంజి కుండ మోశాడు. దాని పక్కింటివాళ్లు కర్రలు పాతారు. ఆ తర్వాతి ఇంటాయన, "నేను ఆ పొద్దు లేను మామా" అన్నాడు సంతోషంగా. "ఉండావు, నా కాలు తొక్కినావు" అని ఎవరో వెనక నుంచి అన్నారు. అలా ఇంటి వెంట ఇల్లు లెక్కపెట్టుకుంటూ వచ్చారు, ఒక్కొక్క ఇల్లూ రాలిపోయింది. చివరికి తాత ఇల్లే మిగిలింది. ఎక్కడి నుంచో ఒక గొంతు, "గంజి పలచనైంది, ఇంకోసారి పట్టించండి అని అరిసింది నువ్వే గదా మామా" అంది. జనం గొల్లుమన్నారు. తాత కూడా నవ్వేశాడు, నోట్లో ఉన్న నాలుగు పళ్లూ కనపడేటట్టు.

నవ్వు ఆగాక ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు. "అమ్మణ్ణీ, నువ్వు చదువుకున్న బిడ్డవు. కోర్టోళ్లు దీన్నేదో ఇంగ్లీషులో అంటారంటనే. దాని అర్తమేందో సక్కంగా చెప్పు."

ఈసారి చిన్నది అని చెప్పలేదు. "పెద్ద నేరంలో కోర్టు మనిషి మనసు సూస్తాది తాతా. దీంట్లో దావనే సూస్తాది. మనసు జోలికి రాదు" అన్నాను.

తాత ఆ మాటను నోట్లో వక్కలా అటూ ఇటూ తిప్పుకున్నాడు. "మనం తప్పని ఒప్పుకోమంటే దేన్ని సూసి ఒప్పుకోమంటాం?" అని కూటాన్ని అడిగాడు. తనే జవాబు చెప్పాడు. "మనసునే గదా. మనసులో కుళ్లుంటే అమ్మోరి చీర మైలపడతాదని గదా ఆ కట్టుబాటు పెట్టింది. దావ అడ్డమైతే దావకు దండం పెట్టి ఆ సర్కారు అడిగింది ఇచ్చేసి రానీ. అమ్మోరికీ దానికీ లంకె లేదు."

పళ్లెం మా నాయన చేతికి వచ్చింది. చిన్నాయనే ముందుగా వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆశ ఉన్నా మంచివాడే. అమ్మ ఏడుస్తూ నవ్వుతూ నా వీపు మీద ఒకటి చరిచింది, అంతమందిలో నోరు లేపినందుకు. నొప్పి పుట్టింది గానీ నాకు ఆ సాయంత్రం ఏదీ పట్టలేదు. అంత సంతోషం నాకు టైపింగు పరీక్ష పాసైన రోజు కూడా కలగలేదు.

కోర్టు రోజున నేను సెలవు పెట్టి వెళ్లాను. నాయన ఉతికిన పంచె కట్టుకుని పెళ్లికి వెళ్లేవాడిలా బయలుదేరాడు. ఆయన వెంట వద్దన్నా సగం వీధి వచ్చింది. అక్కడ మా ఆఫీసు బెంచీ మీద కూర్చునేలాంటివాళ్లే వరసగా నిలబడి ఉన్నారు. సైకిళ్లవాళ్లు, బర్రెలవాళ్లు, అవే దిగులు ముఖాలు. నాయన పేరు పిలిచారు. మేజిస్ట్రేటు కాగితం చదివి, "నేరం ఒప్పుకుంటున్నావా?" అని అడిగారు.

"ఒప్పుకుంటా ఉండాను సామీ. దావకు అడ్డం పెట్టినాను."

"వీధి పొడుగునా అడ్డం పెట్టావని రాశారు. ఒక్కడివేనా?"

నాయన వెనక నిలబడిన చిన్నాయన తన కాళ్లవైపు చూసుకుంటున్నాడు.

"నేనొక్కణ్ణే సామీ. కర్ర పట్టుకున్నోడిదే పడుగు."

మేజిస్ట్రేటు తలెత్తి మా గుంపును ఒకసారి చూశారు. ఆయనకు అర్థమైందో లేదో తెలియదు. చిన్న జరిమానా వేసి తరువాతి పేరు పిలిపించారు. మధ్యాహ్నానికి ఇంట్లో అన్నం తిన్నాం. నేను అందరికీ చెప్పే మాట మా ఇంట్లో మొదటిసారి నిజమైంది.

ఆ తర్వాతి శుక్రవారం తెల్లవారుతూనే అమ్మవారి పడుగు వీధిలోకి వచ్చింది. దానికోసమే గురువారం బస్సెక్కి వచ్చాను. కుంకుమ రంగు పోగులు వీధి ఈ చివర నుంచి ఆ చివరకు పరుచుకున్నాయి. గంజి వాసన, తడి మట్టి వాసన. ఇంటికొకరు కుంచెలతో రెండు వైపులా నిలబడ్డారు. మొదటి కర్ర ఎవరు పట్టుకోవాలి? అమ్మవారి పడుగుకు ఎప్పుడూ వీధి పెద్దే పట్టుకుంటాడు. తాత ముందుకు రాబోయాడు.

నాయన కర్ర ఆయన చేతికివ్వలేదు. వీధి దాటి ఎదురింటి గడప దగ్గరికి నడిచాడు. "వదినా, రా. పట్టుకో" అన్నాడు.

పెద్దమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక రెండు చేతులూ వెనక్కి దాచుకుంది. "నేనేంది అబ్బయ్యా, నా ఇంటికి వంతే లేదే" అంది.

"పడుగు కర్ర పట్టుకున్నోళ్లది" అన్నాడు నాయన. తాత అంగోస్త్రం సర్దుకుని ఒక కుంచె తీసుకుని వరసలో నిలబడ్డాడు. పెద్దమ్మ వచ్చి కర్ర పట్టుకుంది. నేను నాయన పక్కన నిలబడి గంజి గిన్నె పట్టుకున్నాను.

పని సగం అయ్యేసరికి వీధి మలుపులో సైకిలు బెల్లు వినిపించింది. అదే పోలీసు. కుంచెలన్నీ ఆగిపోయాయి. ఆయన సైకిలు దిగి, వీధి పొడుగునా ఉన్న ఎరుపును చూసి, ఏ పడుగో ఆయనకు తెలియదు కాబట్టి, అలవాటు ప్రకారమే అడిగాడు.

"ఎవురిదిది?"

పెద్దమ్మ కర్రను గుండెకు దగ్గరగా లాక్కుంది. పోలీసుతో ఆమె ఎప్పుడూ మాట్లాడి ఉండదు. నాలుగేళ్లుగా ఆమెను ఆ వీధి ఏ లెక్కలోనూ పిలవలేదు. కళ్లలో నీళ్లు నిలిచి ఉన్నాయి, అయినా తల ఎత్తే ఉంది.

"నాది" అంది, వీధి చివరిదాకా వినపడేటట్టు.

పోలీసు జేబులో ఉన్న పుస్తకం జేబులోనే ఉంచి, సైకిలు భుజానికెత్తుకుని పక్క సందులోకి వెళ్లాడు. మేము మళ్లీ కుంచెలు ఎత్తాం.